తెలివిడి పట్టీ

గోడ మీద జిల్లా పటమంతా పచ్చగా వెలుగుతుంటే ఒక్క మూల మాత్రం ఎర్రటి చుక్క ఉంది. ఆ చుక్క మా తమ్ముడి బడి.

"సమతా, ఈ గుట్టకిందిపల్లె ఎక్కడుందో తెలుసా?" అని అడిగారు మా డైరెక్టరు చక్రధర్ గారు.

తెలియకేం! ఏటా రాఖీ పండక్కి నేను వెళ్లే ఊరే. మా తమ్ముడు శ్రీశైలం అక్కడ ఒకే ఒక్క పంతులు. ఆ మాట మాత్రం బయటికి చెప్పలేదు. సిగ్గేసింది. సిగ్గు కన్నా ముందు ఒళ్లు మండింది. దేశంలో ఇన్ని బళ్లు పచ్చబడితే వీడి బడికి ఏం రోగం?

మా హనుమకొండ ప్రయోగశాల తయారుచేసిన వస్తువు తెలివిడి పట్టీ. పిల్లల నుదుటికి కట్టే మెత్తటి పట్టీ, మధ్యలో మినపగింజంత దీపం. పాఠం బుర్రకెక్కితే ఆకుపచ్చ, ఎక్కకపోతే ఎరుపు. అందులో తీగలూ చిప్పూ నేను కూర్చినవే. మెదడులో ఏ సంకేతం కనిపిస్తే పచ్చ వెలగాలన్నది మాత్రం నేను ఉద్యోగంలో చేరకముందే చక్రధర్ గారి బృందం తేల్చేసింది.

ఇక జాతీయ విద్యా ప్రాధాన్యాల మండలి వాళ్ల సంబరం చూడాలి! ఏళ్ల తరబడి ఢిల్లీలో ఒకటే గొడవ. ఉన్న కాస్త డబ్బూ ఎవరికివ్వాలి? గదులకా, పంతుళ్లకా, పుస్తకాలకా? పరీక్ష పెడితే కాపీలు. హాజరు అడిగితే దొంగ లెక్కలు. మెదడైతే అబద్ధమాడదు కదా! అందుకని "వెలిగే తరగతికే నిధి" అని కొత్త విధానం ప్రకటించేశారు. పచ్చబడిన బడికి గదులొస్తాయి, పంతుళ్లొస్తారు. వరసగా రెండేళ్లు ఎర్రబడితే ఆ బడికి తాళం.

గుట్టకిందిపల్లెకు ఇది రెండో ఏడు. అక్కడి పిల్లల తల్లిదండ్రులు గ్రానైటు క్వారీలో రాళ్లు కొట్టేవాళ్లు. బడి మూస్తే ఆ పిల్లలు లారీలు పరుగులు పెట్టే రోడ్డు మీద మండల కేంద్రం దాకా పోవాలి. మగపిల్లలు ఏదోలా పోతారు. ఆడపిల్లల్ని ఆ రోడ్డెక్కించే తల్లి ఆ ఊళ్లో ఒక్కతీ లేదు. ఆ బడి మూసిన రోజే వాళ్ల చదువు ఆగిపోతుంది.

వాడిని బాగా కడిగిపారేద్దామనే వెళ్లాను.

నేను వెళ్లేసరికి తరగతి సంతలా ఉంది. నలుగురు పిల్లలు నేల మీద బోర్లా పడుకుని సుద్దముక్కతో గీతలు గీస్తున్నారు. ఇద్దరు కొట్టుకునేదాకా వచ్చారు. అందరి నుదుళ్ల మీదా ఎర్రదీపాలే. మా వాడు కిటికీలో కూర్చుని వినోదం చూస్తున్నాడు.

"ఏం లొల్లిరా ఇది? పాఠం చెప్పవా?" అన్నాను.

"అదే నడుస్తుందక్కా. భాగహారం."

అయిదో తరగతి పిల్ల మల్లిక లేచి నిలబడింది. రెండు జడలు, మోకాళ్ల దాకా రాతిపొడి. "సార్, పది రొట్టెలు ఐదుగురికి పంచితే తలా రెండు. ఒక్కళ్లకైతే పదీ. మరి ఎవ్వళ్లూ లేకపోతే తలా ఎన్ని?"

"సున్న!" అన్నాడో పిల్లాడు.

"సున్న ఎట్లయితదిరా? రొట్టెలు ఎటువోయినయి? పదీ ఆడనే ఉండె గదా!" అని మల్లిక వాడి మీదికి పోయింది.

శ్రీశైలం తల గోక్కున్నాడు. "నాకు గూడ సక్కగ చెప్పరాదు బిడ్డా. రేపు మళ్ల చూద్దాం. ఇంటికాడ అందరూ ఆలోచన చెయ్యుర్రి."

నాకు తల తిరిగిపోయింది. పంతులే తెలియదంటే ఇక పచ్చ ఎక్కడ వెలుగుతుంది? పిల్లల్ని బయటికి పంపాక వాడి మీద విరుచుకుపడ్డాను. "నీకు బుద్ధుందా? ఈ ఏడు గూడ ఎర్రబడితే బడి మూసేస్తరు, తెల్సా? జవాబు చెప్పేస్తే నీ సొమ్మేం పోతది?"

"చెప్తే ఊకుంటరక్కా. ఇగ అడగరు."

"అడగకపోతే ఏమైతది?"

వాడు నా వైపు జాలిగా చూశాడు. వీడికి చెప్పడం నా వల్ల కాదని చెంపలేసుకుని బస్సెక్కాను. వాడి మొండితనం వల్ల ఆ మల్లిక చదువు గంగలో కలుస్తుందని దారంతా ఏడుపొచ్చింది.

అదే వారం ప్రయోగశాలలో కొత్త పట్టీల దఫా వచ్చింది. ఒకటి నా నుదుటికే కట్టుకుని తీగలు సరిచూస్తుంటే చక్రధర్ గారు వచ్చి, మూత పడే బళ్లను ఎలా లెక్కగడతారో చెప్పడం మొదలుపెట్టారు. సగటును బరువుతో గుణించాలట, హాజరు లోటు తీసేయాలట, దాన్ని మళ్లీ మండలం సగటుతో ఏదో చెయ్యాలట. నా చెవులు అక్కడ ఉన్నాయి గానీ బుర్ర గుట్టకిందిపల్లెలో ఉంది. ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు.

"అర్థమైందా?" అన్నారాయన.

"అయింది సార్" అన్నాను.

ఎదురుగా అద్దాల బీరువాలో నా ముఖం కనిపించింది. నుదుటి మీద దీపం పచ్చగా వెలుగుతోంది.

ఓరి నాయనో! తీగ తప్పేమోనని ఇంకో పట్టీ కట్టుకున్నాను. "సార్, మళ్లీ ఒకసారి చెప్పండి" అన్నాను. ఆయన మళ్లీ చెప్పారు. మళ్లీ నాకేం తెలియలేదు. మళ్లీ అర్థమైందా అన్నారు. అయింది సార్ అన్నాను. మళ్లీ పచ్చ.

"సార్, నాకేం అర్థం కాలేదు" అన్నాను. అలా అన్న వెంటనే ఎరుపు వెలిగింది.

ఆయన నవ్వబోయి ఆగిపోయారు.

"పచ్చకి సంకేతం ఏదో ఎలా తేల్చారు సార్, మొదట్లో?"

"ఆదర్శ పాఠశాలలో. పంతులు పాఠం చెప్పి అర్థమైందా అని అడిగాక పిల్లలు అయిందంటారు కదా, ఆ క్షణంలో మెదడు ఎలా ఉంటుందో అదే పట్టుకున్నాం."

"వాళ్లకి నిజంగా అర్థమైందని మీకెవరు చెప్పారు?"

"పిల్లలే. అందరూ ముక్తకంఠంతో..."

మాట మధ్యలోనే మింగేశారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మేమిద్దరమూ అలాంటి బళ్లలోనే చదువుకున్నాం. సార్ అర్థమైందా అంటే తరగతి మొత్తం "అయింది సార్" అని కప్పు ఎగిరిపోయేలా అరవాలి. కాలేదన్నవాడు బెంచీ ఎక్కాలి. అంతమంది శాస్త్రవేత్తలు కూర్చున్న గదిలో ఒక్కరికి కూడా ఆ అరుపు మీద అనుమానం రాలేదంటే, అందరమూ అలా అరిచి అరిచి పైకొచ్చినవాళ్లమే.

పాత రికార్డులన్నీ తిరగేసి చూశాక సంగతి తేలింది. మా దీపం పట్టేది తెలివిడిని కాదు, మెదడు అడగడం మానేసిన స్థితిని. నిజంగా తెలిసినవాడూ అడగడం మానేస్తాడు. భయపడ్డవాడూ మానేస్తాడు, అలవాటుపడ్డవాడూ మానేస్తాడు. ముగ్గురికీ ఒకటే పచ్చ. దేశమంతా పచ్చబడటం చూసి మురిసిపోయాం కదా, అందులో ఏ పచ్చ దేనిదో చెప్పే దారే లేదు. నోరెత్తకుండా పిల్లల్ని కూర్చోబెట్టిన బడికి డబ్బు పోసి, నోరెత్తే బడికి తాళాలేశాం.

చక్రధర్ గారు కుర్చీలో కూలబడ్డారు. "ఎన్ని మూశారమ్మా ఇప్పటిదాకా?" అని మాత్రం అడిగారు. నేను ఆ జాబితా ఆయన ముందు పెట్టాను.

ఆయనే నన్ను ఢిల్లీ పంపించారు. మండలి కార్యదర్శి మాధురీలత గారు మన తెలుగావిడే, రాజమండ్రి వైపు. మా తమ్ముడి బడితో సహా నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. నా నుదుటికి పట్టీ కట్టుకుని, అర్థం కాని కాగితం ఒకటి చదివించుకుని, అర్థమైందని చెప్పి, పచ్చ వెలిగించి చూపించాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఎంత ఘోరం జరిగిపోయిందండీ!" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నటన కాదు, నిజంగానే తిరిగాయి. "అయితే ఎర్రగా ఉన్న బళ్లే మంచివన్నమాట."

"అలా కాదు మేడం. ఎరుపూ పూర్తిగా మంచిది కాదు, పచ్చా పూర్తిగా చెడ్డది కాదు. ఈ దీపానికి డబ్బు ముడిపెట్టకండి. అంతే నేను చెప్పేది."

"మరి దేనికి ముడిపెట్టమంటారు?"

"మనుషుల్ని పంపండి. బడిలో కూర్చుని చూడమనండి."

ఆవిడ నిట్టూర్చారు. "లక్షల బళ్లండీ. మనుషుల్ని ఎక్కడినుంచి తేను? పార్లమెంటులో లేచి నిలబడి, ఈ బడికెందుకిచ్చారు, ఆ బడికెందుకివ్వలేదు అని అడుగుతారు. ఏదో ఒక కొలత చూపించాలి కదా. పట్టీలు ఇప్పటికే కొనేశాం, పిల్లలందరి నుదుళ్ల మీదా ఉన్నాయి. వాటిని చెత్తబుట్టలో వేశామని చెబితే ప్రభుత్వం నిలబడుతుందా?"

నేను గంటసేపు మొత్తుకున్నాను. ఆవిడ గంటసేపూ తలాడించారు. చివరికి నా చెయ్యి పట్టుకుని, "మీ తమ్ముడి బడి మూయనివ్వను. మాటిస్తున్నాను" అన్నారు. అదిగో, అక్కడ నేను మెత్తబడ్డాను. మల్లిక కళ్ల ముందు మెదిలింది. దణ్ణం పెట్టి వచ్చేశాను.

నెల తిరక్కుండా కొత్త విధానం వచ్చింది. "ప్రశ్నించే తరగతికే నిధి." ఇకనుంచి ఎర్రదీపాలున్న బడికి డబ్బు. ఆవిడ మాట నిలబెట్టుకున్న తీరు అది. ఏడాదంతా చూడటం ఖర్చు కనుక ఒకరోజు వెళ్లి అరగంట కొలిస్తే చాలు. పిల్లలు తక్కువున్న చిన్న బళ్లకు ఒక్కటే అవకాశం. ఆ అరగంట చివర్లో పచ్చ ఎక్కువుంటే మూత.

మొదట సంతోషించాను, ఎందుకు అబద్ధం చెప్పాలి! శ్రీశైలం బడి అంత ఎర్రటి బడి దేశంలో ఇంకోటి లేదు. ఫోన్ చేసి, "గెలిచినవ్ పోరా తమ్మీ" అన్నాను.

ఆ తర్వాత మా వీధిలో బడి చూశాను. మూడో తరగతి పిల్లలకు పంతులమ్మ ఇంజనీరింగు పుస్తకం చదివి వినిపిస్తోంది. పిల్లలు బిక్కముఖాలేసుకుని కూర్చున్నారు. అన్ని దీపాలూ ఎర్రగా ఉన్నాయి. పక్క గదిలో లెక్క సగం దాకా చేసి బోర్డు తుడిచేస్తున్నారు. "జవాబు చెప్పకండి మేడం, పచ్చొస్తుంది" అని ప్రధానోపాధ్యాయుడు గుమ్మంలో నిలబడి కాపలా కాస్తున్నాడు. ఒక చిన్నపిల్ల ఏడుస్తూ, "నాకేం వస్తలేదు" అంటే పంతులమ్మ బుగ్గ గిల్లి మెచ్చుకుంది. నేను రోడ్డు మీదే నిలబడిపోయాను.

కొలవడానికి మనుషులు చాలక ప్రయోగశాల వాళ్లనూ పంపించారు. గుట్టకిందిపల్లె నేనే అడిగి తీసుకున్నాను.

వెళ్లగానే శ్రీశైలాన్ని పక్కకి పిలిచాను. "చూడు, ఏమన్నా అడిగించు. సున్నాతో భాగహారమే పెట్టు మళ్ల. అరగంట నడిపించు, చాలు. తేల్చేదాకా పోకు."

"అది ఎప్పుడో అయిపోయిందక్కా. వారం నుంచి కొత్త లొల్లి నడుస్తుంది" అన్నాడు వాడు నవ్వుతూ.

నా చేతిలో కంప్యూటరు పలక మీద అరగంట మొదలైంది. పిల్లల దీపాలు అందులోనూ కనిపిస్తాయి, అక్కడినుంచి నేరుగా ఢిల్లీకి పోతాయి. ఒకసారి మొదలైతే ఆపడం నా చేతుల్లో లేదు. అందరూ బడి ముందు చదునులో గుమిగూడారు, గుట్ట వైపు చూస్తూ. అన్నీ ఎర్రదీపాలే. నా ఊపిరి కుదుటపడింది.

గుట్ట మీద తెల్లటి పొగ లేచింది. క్వారీలో పేల్చారు. పిల్లలంతా నోళ్లు మూసుకుని ఎదురుచూశారు. కాసేపటికి ఢామ్మని వినిపించింది.

"చూసినవా మేడం?" అని మల్లిక నా కొంగు లాగింది. "పొగ ముందల, చప్పుడు ఎనక. రోజూ ఇంతే. ఎందుకట్ల?"

"రెండు బాంబులు పెడ్తరు" అన్నాడొకడు.

"మా నాయనే పెడ్తడు, ఒక్కటే పెడ్తడు!" అంది మల్లిక.

భలే, ఇలాగే పోట్లాడుకోండి తల్లీ అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అంతలో మల్లిక మా వాడి ముందుకెళ్లి నిలబడింది. "సార్, మీరు పళ్లెం పట్టుకుని కొట్టుకుంట దూరం పోర్రి. మేం ఈడ నిలబడి చూస్తం."

"వద్దురా" అన్నాను నేను. "జవాబు చెప్పకు."

"నేనేం చెప్తున్ననక్కా? ఆళ్లే పొమ్మంటుండ్రు" అని వాడు వంటపళ్లెం, గరిటె తీసుకుని బయల్దేరాడు.

గేటు దగ్గర కొట్టాడు. గరిటె పడటం, చప్పుడు రావడం ఒక్కసారే. పొలం గట్టు మొదట్లో కొట్టాడు. ఒక్కసారే అనిపించింది. గట్టు మధ్యలో కొట్టాడు. పిల్లలు ముందుకు వంగారు. గరిటె పడింది, చప్పుడు చిటికెంత ఆలస్యంగా వచ్చింది. "ఏయ్! ఏయ్!" అని ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నారు. వాడు ఇంకా దూరం నడిచాడు.

"ఆపు తమ్మీ! చాలు, వచ్చెయ్!" అని అరిచాను. వాడికి వినపడలేదు. గట్టు చివర చేరి, చెయ్యి పైకెత్తి, కనిపించేలా గట్టిగా కొట్టాడు. గరిటె మళ్లీ పైకి లేస్తుంటే చప్పుడు ఇక్కడికి వచ్చింది.

"చప్పుడు నడిచొస్తుందిరా!" అని మల్లిక ఎగిరి గంతేసింది. "చూపు ఉరుకొస్తది, చప్పుడు నడిచొస్తది! దూరమైతే ఇంకా లేటైతది! గుట్ట దూరముంది గదా, అందుకే!"

ఆ పిల్ల నుదుటి మీద పచ్చ వెలిగింది.

పక్కన ఉన్న పిల్లాడు నోరు తెరిచి గుట్టనూ మల్లికనూ మార్చి మార్చి చూశాడు. వాడిదీ పచ్చబడింది. చిన్నదొకతె అర్థం కాక ముఖం పెట్టుకుంటే మల్లికే కూర్చోబెట్టి, రాళ్లు పేర్చి, వేలు నడిపించి చెప్పింది. అదీ వెలిగింది. ఒకటి తర్వాత ఒకటి, ఒకటి తర్వాత ఒకటి, నా కళ్ల ముందు బడి మొత్తం పచ్చబడిపోయింది. బెదిరించినవాళ్లు లేరు. అవునని అరవమన్నవాళ్లు లేరు. నేను ఈ పట్టీలు కూర్చడం మొదలుపెట్టాక చూసిన మొట్టమొదటి నిజమైన పచ్చ అది. చప్పట్లు కొట్టాలో, గుండెలు బాదుకోవాలో తెలియక పలక పట్టుకుని నిలబడ్డాను.

పలక కూసింది. అరగంట అయిపోయింది. తెర మీద ఒక్క వాక్యం వచ్చింది: ఈ పాఠశాల మూసివేతకు సిఫారసు చేయబడినది.

శ్రీశైలం ఆయాసపడుతూ వచ్చాడు. పచ్చదీపాలు చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "చూసినవా అక్కా! ఆళ్లంతట ఆళ్లే పట్టుకున్నరు!" నా ముఖం చూసి ఆగిపోయాడు. పలక వాడి చేతికిచ్చాను. చదివాడు. పళ్లెం నెమ్మదిగా నేల మీద పెట్టాడు.

పిల్లలు మా చుట్టూ చేరారు. "ఏమైంది మేడం?" అని ఒకరు, "మాకు బడి గదులొస్తయా?" అని ఇంకొకరు. మీ బడి మూసేస్తారు తల్లీ అన్నాను.

మల్లిక నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. "ఎందుకు?"

"మీకందరికీ తెలిసిపోయింది కనుక."

"తెల్సుకుంటే బడి ఎందుకు మూస్తరు మేడం?"

నేను జవాబు వెతుక్కున్నాను. తమ్ముడి వైపు చూశాను. వాడు తల దించుకున్నాడు. పిల్లలంతా నా నోటి వైపే చూస్తున్నారు. ఒక్కొక్క నుదుటి మీదా పచ్చ ఆరిపోయి ఎరుపు వెలుగుతోంది. మల్లికది, ఆ పక్క పిల్లాడిది, ఆ చిన్నదానిది. నిమిషంలో బడి మొత్తం మళ్లీ ఎర్రబడింది. నేను పలక లాక్కుని తెర మీద వేళ్లతో పొడిచాను, మళ్లీ పొడిచాను. కొలత ముగిసిందని చెప్పి అది నల్లబడిపోయింది.